పాత ఫోర్ వీల్ బండ్ల డ్రాయింగులు బయటపెట్టండి: తయారీ కంపెనీలకు ఒక బహిరంగ లేఖ

ఫోర్ వీల్ డ్రైవ్ వాహనాల తయారీ కంపెనీల యాజమాన్యాలకు, ఆ కంపెనీల పాత రికార్డులు చూసుకునే అధికారులకు,

నమస్కారం.

మీరు ఎప్పుడో తయారీ ఆపేసిన జీపులు, ఇంజను బలం నాలుగు చక్రాలకూ అందే ఫోర్ వీల్ బండ్లు సంపాదించి, నట్టు నట్టూ విప్పి, తుప్పు గీకి, మళ్లీ కొండలెక్కేలా చేసుకునే వాళ్లలో నేనొకణ్ని. ఇది మాకు వ్యాపారం కాదు. సెలవు దొరికితే షెడ్డులో ఉంటాం. ఇంటి ఖర్చులు పోగా మిగిలింది ఈ బండ్ల మీద పెడతాం. మాలాంటి వాళ్ల తరఫున మిమ్మల్ని అడిగేది ఒక్కటే: తయారీ ఆగి 30 ఏళ్లు దాటిన మోడళ్ల ఇంజనీరింగ్ డ్రాయింగులు, వర్క్‌షాప్ మాన్యువళ్లు, విడిభాగాల జాబితాలు ఎవరైనా చూసుకునేలా బయటపెట్టండి.

విడిభాగాలు మళ్లీ తయారుచేసి ఇమ్మని అడగడం లేదు. పాత మోడల్ కోసం ఫ్యాక్టరీలో లైను తెరవడం మీకు గిట్టుబాటు కాదని మాకూ తెలుసు. కాగితాలు ఇవ్వండి చాలు, పని మేం చూసుకుంటాం.

కాగితాలు బయట ఉంటే ఏం జరుగుతుందో చెప్పడానికి మొట్టమొదటి జీపును మించిన సాక్ష్యం లేదు. 1940లో అమెరికా సైన్యం తేలికపాటి ఫోర్ వీల్ బండి కావాలని అడిగితే, బాంటమ్ అనే చిన్న కంపెనీ మొదటి నమూనా తయారుచేసి ఇచ్చింది. సైన్యం ఆ బాంటమ్ డ్రాయింగులను విల్లీస్‌కూ ఫోర్డ్‌కూ చూపించింది. చివరికి విల్లీస్ డిజైన్ ఖాయమయ్యాక, అదే బండిని విల్లీస్ ఎంబీ పేరుతోనూ, ఫోర్డ్ జీపీడబ్ల్యూ పేరుతోనూ తయారుచేశాయి. రెండూ కలిపి యుద్ధం ముగిసేలోగా 6 లక్షలకు పైగా బయటికొచ్చాయి. ఒకదాని భాగం మరోదానికి సరిపోవాలన్నది షరతు, సరిపోయింది కూడా. ఫోర్డ్ తన బోల్టుల తలల మీద ‘ఎఫ్’ అక్షరం వేసింది కాబట్టి ఏ బోల్టు ఎవరిదో ఇవాళ్టికీ చెప్పగలం. అది లేకపోతే విడదీయడం కష్టం.

ఆ బండికి సైన్యం 1944లో అచ్చేసిన టీఎం 9-803 మాన్యువల్, జీ-503 పేరుతో వచ్చిన విడిభాగాల జాబితా ప్రభుత్వ పత్రాలు. ఎవరైనా తీసుకోవచ్చు, అచ్చేసుకోవచ్చు. ఫలితం కళ్లముందే ఉంది. 80 ఏళ్లు దాటినా ఆ జీపుకు బాడీ తొట్టి మొదలుకొని వైరింగ్ దాకా కొత్తగా దొరుకుతోంది. తొలిసారి పానా పట్టినవాడు కూడా ఆ మాన్యువల్ ముందు పెట్టుకుని ఇంజను దించి మళ్లీ ఎక్కించగలడు. దానికంటే ముప్పై నలభై ఏళ్లు తర్వాత వచ్చిన బండ్లు మాత్రం చిన్న బ్రాకెట్టు దొరక్క షెడ్డుల్లో మూలనపడి ఉన్నాయి. వయసులో చిన్నవే ముందు కాలం చేస్తున్నాయి. కారణం ఇనుములో లేదు, బీరువా తాళంలో ఉంది.

డ్రాయింగులు కంపెనీ గడప దాటడం మీకు కొత్త విషయమూ కాదు. విల్లీస్ జీపును లైసెన్సు తీసుకుని ఫ్రాన్సులో హాచ్‌కిస్, జపాన్‌లో మిత్సుబిషి, భారతదేశంలో మహీంద్రా తయారుచేశాయి. మిత్సుబిషి జీపు 1953లో మొదలై 1998 దాకా వచ్చింది. అంటే ఒక సముద్రం అవతల గీసిన గీతలు చూసి, ఇంకో సముద్రం ఇవతల కార్మికులు నాలుగున్నర దశాబ్దాలపాటు బండ్లు కట్టారు. అప్పట్లో దేశాలు దాటిన కాగితాలు ఇప్పుడు సొంత ఆఫీసులో ఒక అంతస్తు నుంచి ఇంకో అంతస్తుకు కూడా దిగి రావడం లేదు.

మీ కస్టమర్ కేర్‌లకు మాలో చాలామంది రాసి చూశాం. నేనూ రాశాను. ఏ కంపెనీకో ఇక్కడ చెప్పను, ఇది ఒకరి మీద ఫిర్యాదు కాదు. ముందు ఇరుసు హౌసింగ్‌లో సందు సర్దే పల్చటి రేకు, షిమ్ అంటారు, దాని మందం అడిగాను. ‘ఈ మోడల్‌కు ప్రస్తుతం సేవలు అందుబాటులో లేవు’ అని జవాబొచ్చింది. అడిగింది సేవ కాదు, ఒక అంకె.

‘పాత భాగం చేతిలో ఉంటే కొలుచుకుని కొత్తది చేయించుకోవచ్చు కదా’ అని మీ ఇంజనీర్లలో ఎవరైనా అనవచ్చు. ఈ ఒక్క విషయం కాస్త వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే అసలు ఇబ్బందంతా ఇక్కడే ఉంది.

ఇంజను బలాన్ని ముందు, వెనక ఇరుసులకు పంచే గేరు పెట్టె, అంటే ట్రాన్స్‌ఫర్ కేసు మధ్యలో గేరు తిరిగే షాఫ్టును తీసుకోండి. చేతి పొడవు కూడా ఉండని ఉక్కు కడ్డీ. గేరు లోపలి సూది బేరింగులు దాని ఒంటి మీదే దొర్లుతాయి. దశాబ్దాలు తిరిగాక అవి దొర్లిన చోట వెలుతురుకు మెరుస్తుంది, గోటితో నిమిరితే సన్నటి గాడి తగులుతుంది. మైక్రోమీటర్ పెడితే గాడి దగ్గర ఒక కొలత, అరగని చివర ఇంకో కొలత వస్తాయి. చివరి కొలత అసలుదని పట్టుకుని లేత్ మేస్త్రి దగ్గరికి వెళ్తాం. ఆయన మొదటి ప్రశ్న: ‘సార్, మెటీరియల్ ఏంటి?’ రెండో ప్రశ్న: ‘హార్డ్‌నెస్ ఎంత?’ రెండింటికీ మన దగ్గర జవాబు ఉండదు. ఆకురాయి పెడితే జారిపోతుంది కాబట్టి పై పొర గట్టిదని తెలుస్తుంది. కానీ ఆ గట్టిదనం ఎంత లోతు వరకు ఉంది? లోపల మెత్తగా వదిలారా, కడ్డీ అంతా ఒకేలా గట్టిపరిచారా? మామూలు ఇనుముతో చేయిస్తే బేరింగులు దాన్ని కొద్ది రోజుల్లోనే తినేస్తాయి. మొత్తం గట్టిపరిస్తే కొండ మీద బరువు పడిన రోజున పుటుక్కుమంటుంది. ఇక ఆ షాఫ్టు కేసింగ్ రంధ్రంలో ఎంత బిగువుగా కూర్చోవాలన్నది మరో లెక్క. వదులైతే అక్కణ్నుంచే ఆయిల్ కారుతుంది. మీ డ్రాయింగ్‌లో ఇవన్నీ ఓ మూల చిన్న పెట్టెలో, నాలుగు పంక్తుల్లో రాసి ఉంటాయి. ఆ నాలుగు పంక్తుల కోసమే ఈ లేఖంతా.

కమాన్ పట్టీల సంగతీ అంతే. ఏళ్ల తరబడి బరువు మోసి పట్టీలు కూర్చుండిపోతాయి. కూర్చున్న కమానును కొలిస్తే కూర్చున్న కొలతే వస్తుంది. అసలు వంపు ఎంతో ఇనుముకు గుర్తుండదు, కాగితానికే గుర్తుంటుంది. కుడివైపు స్టీరింగ్ ఉన్న పాత ‘సిరీస్’ మోడల్ ల్యాండ్‌రోవర్లలో డ్రైవరు వైపు కమాను రెండో వైపు దానికంటే కాస్త ఎత్తుగా ఉంటుంది, డ్రైవరు బరువూ ఇంధన ట్యాంకు బరువూ ఆ పక్కనే పడతాయి కనుక. ఇది తెలియక రెండు వైపులా ఒకే కొలత కమాన్లు చేయించి, బండి ఓ పక్కకు ఒరిగితే ఛాసిస్ వంగిందనుకుని ఖర్చుపెట్టినవాళ్లున్నారు.

విడిభాగాల జాబితా ఒక్కటి బయట ఉన్నా చాలా చిక్కులు విడిపోతాయి. ఫోర్ వీల్ బండిలో ముందు ఇరుసు క్రౌన్ పినియన్ రేషియో, అంటే ఇరుసు లోపలి రెండు గేర్ల పళ్ల నిష్పత్తి, వెనక ఇరుసు రేషియో ఒక్కటే ఉండాలి. కొద్ది తేడా ఉన్నా ఫోర్ వీల్‌లో వేసి గట్టి నేల మీద నడిపితే షాఫ్టులు మెలిబడి, బలహీనమైన చోట విరగవచ్చు. ఏ ఛాసిస్ నంబరు నుంచి రేషియో మార్చారో జాబితాలో ఒక్క వాక్యం ఉంటుంది. మరల సంగతీ చెప్పాలి. పాత బ్రిటిష్ బండ్లలో విట్‌వర్త్, బీఎస్‌ఎఫ్ అనే బ్రిటిష్ కొలతల మరలు ఉండేవి, తర్వాత మెల్లగా యూఎన్‌ఎఫ్ అనే వేరే కొలతకు మారారు. మారుతున్న కాలంలో తయారైన బండిలో అన్నీ కలిసే ఉంటాయి. దగ్గర సైజు బోల్టు దొరికింది కదా అని బలవంతంగా తిప్పితే అల్యూమినియం కేసింగ్ మర ఊడివస్తుంది.

ఇంకొకటి, మీకు పైసా ఖర్చు లేనిది. బేరింగులు, ఆయిల్ సీళ్లలో చాలామట్టుకు మీరు తయారుచేసినవి కావు. బేరింగ్ కంపెనీల దగ్గర కొని, మీ డబ్బాలో పెట్టి, మీ నంబరు అంటించారు. ఆ అసలు బేరింగ్ ఇవాళ్టికీ ఏ బేరింగ్ షాపులోనైనా దొరకవచ్చు. మీ నంబరు వెనకున్న అసలు నంబరు తెలియకనే మేం తిరుగుతుంటాం. ఆ రెండు నంబర్లను పక్కపక్కన రాసిన పట్టిక మీ కొనుగోళ్ల విభాగంలో తప్పక ఉంటుంది. అది బయటపెడితే ఎన్ని బండ్లు కదులుతాయో మీరు ఊహించలేరు.

డ్రాయింగులు లేనిచోట ఏం పుడుతుందో కూడా మీరు చూడాలి. అరిగిన భాగాన్ని అచ్చు తీసి, ఆ అచ్చును మళ్లీ అచ్చు తీసి అమ్మే నాసిరకం సరుకు పుడుతుంది. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ లోపల తిరిగే రోటర్ ఆర్మ్ అంటే బొటనవేలంత ప్లాస్టిక్ ముక్క. పైనున్న ఇత్తడి పలకను పట్టి ఉంచే రివెట్ కొంచెం పొడవైతే, లేదా ప్లాస్టిక్‌లో సరైన సరుకు లేకపోతే, కరెంటు ప్లగ్గుకు పోకుండా రివెట్ గుండా కింది షాఫ్టులోకి దిగిపోతుంది. ఇంజను వేడెక్కాక ఆగిపోతుంది, చల్లారాక మళ్లీ అందుకుంటుంది. కార్బురేటర్‌ను అనుమానిస్తాం, పెట్రోలు పంపును మారుస్తాం, కాయిల్ మారుస్తాం. దోషం మాత్రం నిన్న కొన్న కొత్త ముక్కలో ఉంటుంది. రోటర్ వల్ల బండి ఆగుతుంది, అంతే. అదే నాసిరకం బ్రేకు సిలిండర్‌లోనో, స్టీరింగ్ జాయింట్‌లోనో ఉంటే? డ్రాయింగులిస్తే సొంతంగా చేసుకుని ప్రమాదాలు తెచ్చుకుంటారని మీ న్యాయ విభాగం భయపడుతుందని విన్నాను. మనుషులు ఇప్పటికే సొంతంగా చేసుకుంటున్నారు, చూడకుండా చేసుకుంటున్నారు. సరైన కొలత తెలియడం వల్ల ప్రమాదం పెరగదు. కావాలంటే ప్రతి డ్రాయింగ్ మీద ‘సమాచారం కోసమే, కంపెనీకి బాధ్యత లేదు’ అని ముద్ర వేయండి. బ్రేకులు, స్టీరింగ్ డ్రాయింగులు విడిగా పెట్టి, షరతులకు ఒప్పుకున్నవాళ్లకే ఇవ్వండి. అభ్యంతరం లేదు.

హక్కుల మాటకొస్తే, ఆ యంత్రాల పేటెంట్ల గడువు ఎప్పుడో తీరిపోయింది. పేరు మీది, చిహ్నం మీది, ముందు గ్రిల్ రూపం మీది. వాటి జోలికి మేం రాం. గేరు పన్ను కోణం తెలిస్తే మీ కొత్త బండి అమ్మకం తగ్గదు. నిజానికి పెరుగుతుందనే నా నమ్మకం. 1996లో ఆపేసిన బ్రాంకో పేరును ఫోర్డ్ 2020లో మళ్లీ తెచ్చింది. 2016 జనవరిలో ల్యాండ్‌రోవర్ పాత డిఫెండర్ తయారీ ఆగిపోయినా, ఆ పేరు కొత్త బండి మీద తిరిగొచ్చింది. 1980లో ముగిసిపోయిన ఇంటర్నేషనల్ హార్వెస్టర్ వారి స్కౌట్ పేరుతో కూడా కొత్త బండ్లు సిద్ధమవుతున్నాయి. నలభై ఏళ్ల తర్వాత కూడా ఆ పేరుకు విలువ ఎందుకుంది? ఎవరో ఆ పాత బండ్లను పారేయకుండా నడుపుతూ వచ్చారు కాబట్టి. వీధిలో ఆగి చూసిన పిల్లలు పెద్దవాళ్లై ఇప్పుడు మీ షోరూముకు వస్తున్నారు కాబట్టి.

మీలో కొందరు ఈ దారిలో కొంత దూరం వచ్చారు, అది చెప్పకపోవడం అన్యాయం. 1960 నుంచి 1984 దాకా తయారైన ల్యాండ్‌క్రూజర్ 40 సిరీస్‌కు విడిభాగాలు మళ్లీ తయారుచేస్తామని టయోటా 2021లో ప్రకటించింది. ల్యాండ్‌రోవర్ 2016లో సిరీస్ వన్ బండ్లను సొంతంగా పునరుద్ధరించి అమ్మడం మొదలుపెట్టింది. రెండూ మంచి పనులే. అయితే కంపెనీయే పునరుద్ధరించిన బండి కొనగలిగేవాళ్లు బహు కొద్దిమంది. కంపెనీ ఏ భాగాలు తయారుచేయాలో అమ్మకాల లెక్కను బట్టి ఎంచుకుంటుంది. ప్రపంచంలో వందల్లో మాత్రమే మిగిలిన మోడల్‌కు ఆ వంతు ఎప్పటికీ రాదు.

అలాంటి దిక్కులేని బండ్ల మీదే నాకు ఎక్కువ బెంగ. 1958లో వచ్చిన బ్రిటిష్ బండి ఆస్టిన్ జిప్సీని చూడండి. ఆ రోజుల్లో ఇలాంటి బండ్లు చాలావరకు కమాన్ పట్టీల మీద కుదేసుకుంటూ పోతుంటే, జిప్సీకి ఫ్లెక్సిటర్ అనే రబ్బరు సస్పెన్షన్ పెట్టారు. ఇనుప గొట్టం లోపల షాఫ్టు, రెంటినీ అతికిస్తూ మధ్యలో రబ్బరు. చక్రం పైకి లేస్తే రబ్బరు మెలితిరిగి మళ్లీ వెనక్కి లాగుతుంది. సాహసమైన ఆలోచన. తర్వాతి బండ్లలో వాళ్లే మళ్లీ కమాన్లకు దిగారు. కానీ ఆ రబ్బరు ఏ మిశ్రమం, ఇనుముకు ఎలా అతికించారు అన్నది కొలబద్దతో తెలిసేది కాదు. కంపెనీలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి, పేర్లు మారాయి. ఇలాంటి బండి ఒకటి పూర్తిగా కనుమరుగైతే, ఒక ఇంజనీరు వేసిన కొత్త అడుగు ఎలా ఉండేదో నడిపి తెలుసుకునే అవకాశం ఇంకెవరికీ ఉండదు. మ్యూజియంలో అద్దం వెనక నిలబెట్టిన బండి సస్పెన్షన్ గురించి ఏమీ చెప్పదు.

కలిసిపోయిన కంపెనీల వారసులకు ప్రత్యేకంగా ఒక మాట. విల్లీస్ జీపు కైజర్ చేతికి, ఏఎంసీ (అమెరికన్ మోటార్స్) చేతికి, క్రైస్లర్ చేతికి మారి, ఇవాళ స్టెలాంటిస్ గూటిలో ఉంది. ఇన్ని చేతులు మారినప్పుడు ప్రతిసారీ ఆఫీసు మారుతుంది, గోదాము ఖాళీ చేస్తారు, ‘ఇవి ఎవరికి పనికొస్తాయి’ అని ఎవరో ఒకరు అంటారు. మీ చేతిలో ఉన్నది మీరు గీసినది కాకపోవచ్చు. అయినా దాన్ని కాపాడే అధికారం ఇప్పుడు మీ ఒక్కరికే ఉంది.

ఆలస్యం చేయడానికి కూడా లేదు. పాత డ్రాయింగులు చాలాచోట్ల మైక్రోఫిల్మ్ మీద, అంటే చిన్నగా ఫొటో తీసి చుట్టిన ఫిల్మ్ మీద ఉన్నాయి. ఎసిటేట్ ఫిల్మ్ వేడికీ తేమకూ విచ్చిపోతుంది, వెనిగర్ వాసన కొడుతుంది, ముడుచుకుపోతుంది. ఒక చుట్టకు మొదలైతే పక్క చుట్టలకూ పాకుతుంది. డ్రాయింగ్ మీద పెన్సిలుతో రాసిన సవరణలకు అర్థం చెప్పగల మనుషులు ఇప్పుడు ముసలివాళ్లు. వాళ్లు ఉండగానే వాళ్లను కూర్చోబెట్టి అడగాలి.

ఇన్ని మాటలు ఎందుకు చెబుతున్నానంటే, ఈ బండ్లు మామూలు కార్లలా పుట్టలేదు. యుద్ధం తర్వాత ఉక్కు కొరతగా ఉంటే ల్యాండ్‌రోవర్ 1948లో అల్యూమినియం మిశ్రమం రేకులతో వచ్చింది. రేకును ఎక్కువగా వంచే అచ్చులు అక్కర్లేకుండా బల్లపరుపు ముక్కలతో బాడీ గీశారు. అందుకే సొట్టపడిన రేకును టింకరింగ్ మేస్త్రి చెట్టు కింద కూర్చుని సరిచేయగలిగాడు. షోరూములు లేని అడవులకూ ఎడారులకూ పొలాలకూ అమ్మారు కనుక, చేతిలో నాలుగు పానాలున్న ఎవరైనా బాగుచేసుకునేలా కావాలనే రూపొందించారు. ‘ఎక్కడైనా బాగుచేసుకోవచ్చు’ అనే మాట మీద మీరు వాటిని అమ్మారు. కొన్నవాళ్లకు ఇచ్చిన ఆ మాట ఆ బండి కదిలినంత కాలం చెల్లాలి.

ఎక్కడ మొదలుపెట్టాలంటే, ఒకేసారి గోదామంతా తెరవమనడం లేదు. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా, చారిత్రక వాహనం అనిపించుకోవడానికి 30 ఏళ్ల వయసు ఉండాలంటుంది. ఆ గీతనే తీసుకోండి. ఒక్క మోడల్ ఎంచుకోండి. ముందు విడిభాగాల జాబితా, వర్క్‌షాప్ మాన్యువల్, రంగుల కోడ్లు స్కాన్ చేసి పెట్టండి, వాటిలో దాచుకోవాల్సిన రహస్యం ఏదీ లేదు. తర్వాత ట్రాన్స్‌ఫర్ కేసు, ఇరుసులు, కమాన్ల డ్రాయింగులు. ఛాసిస్ నంబరు చెప్పి అడిగిన యజమానికి ఆ బండి ఏ రోజు ఫ్యాక్టరీ దాటింది, ఏ రంగులో, ఏ ఇంజను నంబరుతో, ఏ ఊరికి వెళ్లిందో రికార్డు చూసి చెప్పండి. కొన్ని కంపెనీలు రుసుము తీసుకుని ఇప్పటికే చెబుతున్నాయి, మీరూ రుసుము తీసుకోండి. పాత అచ్చులు, తయారీలో భాగాలను పట్టి ఉంచే జిగ్గులు తుక్కుకు వేసే ముందు పాత బండ్ల క్లబ్బులకు ఒక నోటీసు ఇవ్వండి.

స్కానింగ్‌కు మనుషులు చాలకపోతే మేం వస్తాం. మాలో డ్రాఫ్ట్స్‌మన్లుగా పనిచేసి రిటైరైనవాళ్లున్నారు, లైబ్రేరియన్లున్నారు, లేత్ మేస్త్రులున్నారు. రహస్య ఒప్పందం మీద సంతకం పెట్టమంటే పెడతాం, మీ ఆఫీసులోనే మీ కళ్లముందే పని చేసి, మీరు తీసుకెళ్లమన్నవే తీసుకెళ్తాం. ముందుగా ఎవరితో మాట్లాడాలో ప్రతి కంపెనీ ఒక అధికారి పేరూ, ఒక చిరునామా ప్రకటిస్తే, మా క్లబ్బులు అక్కడికి రాస్తాయి.

ఇట్లు,
పాత ఫోర్ వీల్ బండి యజమాని ఒకరు